మావయ్య చెవి, రెండో నంబరు ఇంజెక్టరు

ఖరగ్‌పూర్‌లో పాత డీజిల్ కారుని నా అంత చవగ్గా కొన్న మొనగాడు ఇంతవరకు పుట్టలేదని ఎవరి ముందైనా చెప్పగలను. తొంభైల మొదట్లో సంగతి. సాలువా వైపు ఉండే ఒక కాంట్రాక్టరు కారు అమ్ముతున్నాడని విని, కాలరు చిరిగిన చొక్కా ఏరి మరీ వేసుకుని, స్కూటరు ఇంట్లో వదిలేసి సైకిలు మీద వెళ్ళాను. మంచి చొక్కా వేసుకుని బేరానికి వెళ్ళినవాడు సగం ఓడిపోయి బయల్దేరినట్టే అని మా నాన్న అనేవాడు. అక్కడ టీ తాగాను, కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాను, మూడుసార్లు సైకిలెక్కి వచ్చేశాను, మూడుసార్లూ అతనే పిలిచాడు. చివరికి అతను చెప్పిన ధరని సగానికి దించి, కొసరు కింద స్టెప్నీ టైరు, జాకీ, వెనక సీటు మీద పరిచిన చాప, డిక్కీలో ఉన్న రెండు చుట్టల కొబ్బరితాడు కూడా రాబట్టాను. ఇంత తెలివైన మనిషి చెయ్యని పని ఒక్కటే. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడలేదు. నేను వెళ్ళేసరికే ఇంజను వేడిగా ఉంది. అతను ముందుగా అరగంట తిప్పి, వేడెక్కించి, నా కోసం సిద్ధం చేసి ఉంచాడు. వేడి మీదున్న డీజిల్ ఇంజను పండక్కొచ్చిన అల్లుడిలాంటిది. దాని లోపాలు ఆ పూటకి బయటపడవు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, కిందటి నెల మా అమ్మాయి కారు కుంటుతోందంటే నేనే సర్వీసుకి తీసుకెళ్ళాను. నీలం దుస్తుల్లో ఉన్న ఒక బెంగాలీ పిల్ల వచ్చి, స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, ఒళ్ళో పెట్టుకున్న కంప్యూటరు వంక చూసింది. నేను ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నాను. "దుయ్ నంబర్ ఇంజెక్టర్, కాకూ" అంది. బానెట్ ఎత్తలేదు, ఇంజను వినలేదు, పొగ వాసన చూడలేదు. "చెవి పెట్టి వినవా అమ్మా?" అని బెంగాలీలోనే అడిగాను. పెద్దవాళ్ళు ఏదైనా అంటే నవ్వాలని నేర్చుకున్న నవ్వొకటి నవ్వి, కాగితం చేతిలో పెట్టింది. ఆ కాగితం మీద ధర అచ్చు వేసి ఉంది, బేరానికి సందు లేదు. మామూలుగా అయితే దానికే నా ప్రాణం గిలగిల్లాడేది. ఆ రోజు మాత్రం ధర వంక చూడలేదు. రెండో నంబరు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అదే నంబరు చెప్పడానికి మా మావయ్య ఎంత సేపు, ఎంత మర్యాదగా, ఎన్ని విధాల ఆ ఇంజనుని పలకరించాడో గుర్తొచ్చింది.

మా వాళ్ళంతా విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. మా నాన్న ఒక్కడే రైలు వదిలేసి గోల్‌బజార్లో సత్తు గిన్నెల కొట్టు పెట్టాడు. ఎడమపక్క మార్వాడీ బట్టల కొట్టు, కుడిపక్క బెంగాలీ దాదా గొడుగుల కొట్టు. మధ్యలో పెరిగినవాణ్ణి కనక నాలుగు భాషల్లో 'గిట్టదు' అనడం అక్షరాల కన్నా ముందు వచ్చింది. ఏ వస్తువు చూసినా నా కన్ను ముందు దాని బరువు చూస్తుంది. ఆ కారు కూడా అంతే, ఒక్క గజం కదలకపోయినా తుక్కు కింద అమ్మితే ఎంతొస్తుందో మనసులో తూకం వేసుకునే కొన్నాను. పెళ్ళి మాత్రం రైలువాళ్ళింట్లో చేసుకున్నాను. మా మావయ్య అంటే మా ఆవిడ తండ్రి, డీజిల్ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఇంజెక్టర్లే ఆయన పని. డీజిలు చుక్కని ఇంజనులోకి సన్నటి మంచులా చిమ్మే ఆ వేలెడంత సామాను గురించి ఆయన, ఇంట్లో పిల్లల గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఇది అల్లరిది, ఇది బద్ధకంది, ఇది మంచిదే గానీ చెప్పుడు మాటలు వింటుంది అని.

కారు తెచ్చిన మర్నాడు పొద్దున్న సుభాష్‌పల్లిలో మా సందంతా చూస్తుండగా స్టార్టు చేశాను. అది దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది. నాలుగోసారికి లేచి, లోపలెవరో సుత్తితో కొడుతున్నట్టు టకటకలాడుతూ, వెనకనుంచి తెల్లటి పొగ వదలడం మొదలెట్టింది. పొగ సందు నిండి, ఎదురింట్లో మేం బౌదీ అని పిలిచే బెంగాలీ వదిన ఆరేసుకున్న చీరల్లోంచి వాళ్ళ వరండాలోకి వెళ్ళింది. దుర్గాపూజలో ధూపం వేసి చేత్తో పట్టుకుని ఆడే మట్టి ధునుచి ఉంటుంది కదా. బౌదీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కారు కొన్నారా దాదా, ధునుచి కొన్నారా?" అని అడిగింది. సందు సందంతా నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. "నాన్నకి సూపించండి. మీ బేరం సంగతి సెప్పకండి, కారు సంగతి సెప్పండి" అంది.

రిటైరయ్యాక మావయ్యా అత్తా నిమ్‌పురాలో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండేవారు. ఆదివారం చర్చి అయ్యాక ఆ ఇంటి ముందు టాక్సీలూ, జీపులూ, ఒక్కోసారి సామాన్ల బండీ వరసగా నిలబడేవి. డ్రైవర్లు చెట్టు నీడన కూర్చునేవారు. మావయ్య తెల్లచొక్కా విప్పి, మడిచి, గళ్ళ లుంగీతో బయటికొచ్చేవాడు. ఆయన చేతిలో ఒక కర్ర. రైల్వే జట్టులో ఆడే రోజుల్లో విరిగిపోయిన హాకీ స్టిక్కు పిడి అది, జానెడున్నర పొడుగు, చేతి చెమటకి నల్లగా మెరిసేది. దాని ఒక కొస ఇంజెక్టరు నెత్తి మీద ఆనించి, రెండో కొస చెవి పక్క ఎముకకి పెట్టుకుని, కళ్ళు మూసుకునేవాడు. డబ్బు పుచ్చుకునేవాడు కాదు. వాళ్ళు అరుగు మీద టీపొడి పొట్లమో, అరడజను గుడ్లో పెట్టి వెళ్ళేవాళ్ళు. నేనైతే కనీసం గంటకింత అని బోర్డు పెట్టేవాణ్ణి. ఆ మాట ఓసారి అన్నాను కూడా. "నీకు కొట్టుంది అల్లుడూ, నాకు సెవుంది. కొట్టుకి బోర్డు కావాల, సెవికెందుకు?" అన్నాడు.

ఆ చెవి సంగతే ఇంట్లో అందరినీ తొలుస్తుండేది. షెడ్డు చప్పుడు ఆయన ఎడమ చెవిని ఎప్పుడో తినేసింది. కుడి చెవి మీద బతుకుతున్నాడు. రేడియో గొంతు ఏడాదికేడాదికీ పెరుగుతోంది. అత్త పిలిస్తే ఓసారి పలికేవాడు, ఓసారి పలికేవాడు కాదు. ఆయన కావాలనే పలకడం లేదని అత్త కొన్నాళ్ళు పోట్లాడి, తర్వాత నిజం తెలిసి పోట్లాడడం మానేసింది. ఆవిడ పోట్లాడడం మానేసిన రోజు నుంచి ఆయనకి భయం పట్టుకుందని నా అనుమానం. మా ఆవిడతో ఒకసారి అన్నాడట. "నేను తప్పు నంబరు సెప్పిన రోజు ఈ కర్ర అటకెక్కించేస్తానమ్మా. నా మాట నమ్మి మంచి ఇంజెక్టరు ఊడబీకించుకున్నోడు పిల్లల పాల డబ్బు తెచ్చి నా సెవికి పోసినట్టు." అన్నాడంటే చేస్తాడు. అందుకని ప్రతి ఆదివారం మా ఆవిడ ఏదో వంకతో నిమ్‌పురా వెళ్ళి, ఆయన చెప్పిన నంబరు నిజమైందో లేదో డ్రైవర్లని అడిగి తెలుసుకునేది. అప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు.

నా కారు వంతొచ్చింది. పక్క డ్రైవర్లు దాని పొగ చూసి ఇష్టంగా నవ్వుకుంటున్నారు. మావయ్య ముందే కర్ర తీయలేదు. పొగలో చెయ్యి ఊపి వాసన చూశాడు. "మండకుండా వస్తన్న డీజిలు" అన్నాడు. తర్వాత పంపు నుంచి ఒక్కో ఇంజెక్టరుకి వెళ్ళే సన్నటి ఉక్కు గొట్టాల మీద రెండేసి వేళ్ళు పెట్టి, వైద్యుడు నాడి చూసినట్టు చూశాడు. అప్పుడు కర్ర. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ వెనక్కి. రెండో దాని దగ్గర కనుబొమ్మ కొంచెం పైకి లేచింది. అప్పుడు పానా తీసి, ఇంజను తిరుగుతుండగానే, గుడ్డ అడ్డం పెట్టి మొదటి గొట్టం నట్టు సగం చుట్టు వదులు చేశాడు. డీజిలు గుడ్డలోకి కారింది, ఇంజను వెంటనే తడబడింది. బిగించాడు, కుదుటపడింది. మూడోది, నాలుగోది కూడా అంతే. రెండోది వదులు చేస్తే ఇంజనుకి తేడాయే తెలియలేదు, అదే కుంటు, అదే దగ్గు.

"అర్థమైనాదా?" అని నన్ను అడిగాడు. కాలేదని తల ఊపాను. "మన చర్చిలో పాటకి నలుగురు నిలబడ్డారనుకో. నిజంగా పాడీవోడి నోరు మూస్తే పాట పడిపోద్ది. ఊరికే నోరు తెరిసి నిలబడ్డోడి నోరు మూస్తే ఏటీ అవదు. ఆడే దొంగ. నీ బండిలో రెండో నంబరోడు దొంగ." డ్రైవర్లలో ఒక బిహారీ పెద్దాయన, "బాబూజీ కా కాన్ హై కి అదాలత్ హై" అని, అది చెవా న్యాయస్థానమా అన్నట్టు, మురిసిపోయాడు. మావయ్యకి అది వినిపించిందో లేదో గానీ ముఖం మాత్రం వెలిగింది. నాతో లోగొంతుకతో, "నాలుగింటినీ ఇప్పించి మిసను మీద సూపించు. పనిలో పని" అన్నాడు. "ఏ రింగూ పాతది ఎయ్యొద్దు" అని కూడా అన్నాడట. మా ఆవిడ విన్నది. నాకు ఆ మాట గుర్తులేదు. నాకు ఖర్చు మాటలు అలాగే, సగం వినిపిస్తాయి. మా ఇంట్లో చెవుడు ఎవరికుందో తేల్చడం అంత తేలిక కాదు.

బజారు దాటాక ఇంజెక్టర్ల పని చేసే బెంగాలీ మిస్త్రీ ఒకాయన ఉండేవాడు, మెల్లిగా మాట్లాడే మనిషి. నాలుగూ విప్పి, ఒక్కొక్కటే చేతిపంపు మిషనుకి బిగించి, మీట నొక్కి చూపించాడు. "చెయ్యి దూరం పెట్టండి, ఈ జల్లు చర్మంలోంచి సూదిలా దిగుతుంది" అని ముందే చెప్పాడు. మొదటిది నొక్కితే సాంబ్రాణి పొగలా విచ్చుకుంది. మూడు, నాలుగు కూడా దరిదాపుగా అంతే. రెండోది పాలు కక్కే పిల్లాడిలా మూతి పక్కనుంచి కార్చింది. నాకెందుకో గర్వంగా అనిపించి, "మా మావయ్య కర్రతో విని చెప్పాడు దాదా" అన్నాను. మిస్త్రీ రెండు చేతులూ జోడించాడు, ఎటున్నాడో తెలియని ఆయనకి. ఆ క్షణం దాకా అంతా బాగానే ఉంది. అక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు.

రెండోదానికి కొత్త నాజిలు, అంటే డీజిలు చిమ్మే మూతి, వేసి, నాలుగూ మళ్ళీ బిగించడానికి మిస్త్రీ కాగితం మీద రాస్తున్నాడు. ఆఖరి వరసలో రాగి వాషర్లు, నాలుగు. ఇంజెక్టరు కూర్చునే గుంటలో కింద వేసే ఉంగరాలవి. నేను ఆ పాత ఉంగరాలని అరచేతిలో వేసుకుని ఆడించాను. రాగి. చెక్కుచెదరని రాగి. రాగి సంగతి నాకు చెప్పొస్తాడా! "వీటికేమైంది దాదా, ఇంకో పదేళ్ళు బతుకుతాయి, ఇవే వేసెయ్" అన్నాను. రాగి ఒకసారి నలిగితే మళ్ళీ గట్టిగా పట్టదని, సెగ బయటికి తన్నుతుందని ఆయన చెప్పాడు. నాకు అమ్మేవాడు చెప్పే మాటలా వినిపించింది, ఎందుకంటే నేను కూడా రోజూ అలాంటి మాటలే చెబుతాను. నేను లేచాను. ఆయన పిలవలేదు. అలవాటు ప్రకారం మూడుసార్లు లేవాల్సిన అవసరం రాలేదు. ఆయన ఆ వరస కొట్టేసి, పాతవే వేసి బిగించాడు. నేను గెలిచినందుకు దారిలో ఆగి నాలుగు రసగుల్లాలు తిన్నాను, అవి వాషర్ల కన్నా ఖరీదు.

మర్నాటికి పొగ తగ్గింది గానీ కుంటు పోలేదు. పైపెచ్చు పాత ఆవిరి ఇంజను నిలబడి ఊపిరి తీస్తున్నట్టు ఛుఫ్ ఛుఫ్‌మని కొత్త చప్పుడొకటి చేరింది. ఆదివారం నిమ్‌పురా తీసుకెళ్ళాను. చెట్టు కింద డ్రైవర్లందరూ ఉన్నారు. మావయ్య కర్ర పెట్టి విన్నాడు. నట్టు వదులు చేశాడు, బిగించాడు. మళ్ళీ విన్నాడు. ఆ పొద్దు ఆయన ముఖంలో ఏదో మారడం నేను చూశాను, కానీ ఎందుకో తెలియలేదు.

"రెండోదే అంటంది" అన్నాడు, ఎవరితోనూ కాదు.

"రెండోదానికి కొత్త నాజిలు బాబూజీ" అన్నాడు బిహారీ డ్రైవరు, మెత్తగానే.

మావయ్య నా వైపు తిరిగాడు. "అల్లుడూ, కింద రింగులు కొత్తవే ఏసినాడా?"

చుట్టూ అయిదారుగురు చూస్తున్నారు. కారు బేరం గురించి వాళ్ళ దగ్గర అప్పటికే డప్పు కొట్టుకుని ఉన్నాను. నాలుగు రాగి ఉంగరాల దగ్గర కక్కుర్తి పడ్డానని ఎలా చెప్పను? అదీగాక, ఆ ఉంగరాలకీ ఈ చప్పుడుకీ సంబంధం ఉందని నేను నమ్మలేదు. "అన్నీ కొత్తవే మావయ్యా" అన్నాను.

ఇంజెక్టరు మొదలు దగ్గర కాస్త సబ్బునీళ్ళు పోసి ఉంటే బుడగలొచ్చి నా బండారం అక్కడే బయటపడేది. ఆ సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసు. నీళ్ళ మగ్గు అరుగు మీదే ఉంది. కానీ నలుగురిలో అల్లుడు అన్నీ కొత్తవే అన్నాక, నీళ్ళు పోసి చూడడం అంటే అల్లుడి మాట మీద నీళ్ళు పోయడమే. మావాళ్ళలో ఆ పని ఎవరూ చేయరు. షెడ్డు పద్ధతి కూడా అదే, ఒక ఫిట్టరు అయిందంటే రెండోవాడు మళ్ళీ విప్పి చూడడు. ఆయన నన్ను నమ్మాడు. నన్ను నమ్మాక, నమ్మకూడనిది ఇంకొకటే మిగిలింది. కర్ర వంక చూసి, "కొత్తదాన్ని పట్టుకుని దొంగంటంది. ఐపోయినాది దీని పని" అన్నాడు. లోపలికి వెళ్ళి దాన్ని బీరువా మీద, పాత సూట్‌కేసు వెనక పెట్టేశాడు. బయట ఇంకా మూడు బళ్ళు ఉన్నాయి.

తర్వాత వారం డ్రైవర్లు వచ్చారు. ఒంట్లో బాగులేదని అత్త చెప్పి పంపించింది. ఆ పై వారం ఇద్దరే వచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. బిహారీ డ్రైవరు ఇంకెక్కడికో పోయి, ఒకటి పాడైతే నాలుగూ మార్పించుకున్నాడని తెలిసింది. మావయ్య చర్చికి వచ్చేవాడు. కీర్తన మొదలైతే లేచి నిలబడేవాడు. ఒకసారి నేను పక్కనే నిలబడి గమనించాను, ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. ఆయన గొంతు పెద్దది, పాటకి అటూ ఇటూ పోయేది, పాస్టరుగారు కూడా దానికి అలవాటు పడిపోయారు. తాను సరిగ్గా పాడుతున్నాడో లేదో తనకే తెలియదని ఆయన నోరు మూసుకున్నాడు. ఇంట్లో రేడియో కట్టేశాడు. అత్త మళ్ళీ పోట్లాడడం మొదలుపెట్టి చూసింది. ఊహూఁ, లాభం లేకపోయింది. మా ఆవిడ నన్నేమీ అనలేదు. ఆవిడకి అసలు సంగతి తెలియదు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది అని రాయాలనుంది గానీ, అబద్ధం. అప్పటికి నాకే అసలు సంగతి తెలియదు. మావయ్య పెద్దవాడైపోయాడు పాపం అనుకుని, ఆదివారం మధ్యాహ్నం హాయిగా నిద్రపోయేవాణ్ణి.

అయిదో వారం దాటాక, కారు కుంటు భరించలేక, డబ్బు వెనక్కి అడుగుదామని మిస్త్రీ దగ్గరికి పోట్లాటకి వెళ్ళాను. దారి పొడుగునా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన నా మాటలన్నీ పూర్తయ్యేదాకా ఆగి, ఇంజను తిప్పించి, ఇంజెక్టర్ల మొదలు దగ్గర చెంచాడు సబ్బునీళ్ళు పోశాడు. రెండోదాని చుట్టూ నీళ్ళు కుతకుతలాడి బుడగలు లేచాయి. విప్పి పైకి తీస్తే, పాత ఉంగరం ఒక పక్క మసితో నల్లగా ఉంది. ఇంజనులో మండిన సెగ అక్కడినుంచే బయటికి తన్నుతోంది. "మీరే కదా పాతవే వేసెయ్యమన్నారు?" అన్నాడు, కోపం లేకుండా. కొత్త ఉంగరాలు వేసి బిగించాడు. ఇంజను లేచింది. కుంటు లేదు, ఛుఫ్ లేదు. కుట్టుమిషనులా తిరుగుతోంది. మిస్త్రీ, "మీ మావగారు ఏ నంబరన్నారు?" అని అడిగాడు. "ముందూ రెండే, నువ్వు బిగించాక కూడా రెండే అన్నాడు" అన్నాను. "రెండుసార్లూనా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, నేనేం చేశానో.

కారులో కూర్చున్నాను, కదల్లేదు. కొట్టులో పెరిగినవాడి బుర్ర ఆగదు కదా, అప్పుడు కూడా బేరమే ఆడింది. మిస్త్రీ మరిచిపోయి పాతవి వేశాడని చెబితే? మావయ్య చెవి నిలబడుతుంది, నా పరువూ నిలబడుతుంది, పోయేది మిస్త్రీ పేరొక్కటే, ఆయనకీ ఈయనకీ పరిచయం కూడా లేదు. ఇంతకన్నా చవకైన బేరం ఉండదు. నిమ్‌పురా చేరేదాకా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. మా ఆవిడ ముందే అక్కడ ఉంది, అత్తతో కలిసి వరండాలో చేపలు కడుగుతోంది. మావయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంజను చప్పుడుకి తల ఎత్తలేదు. అది చూశాక, తెచ్చుకున్న అబద్ధం నోట్లోంచి రాలేదు. జేబులోంచి ఆ నల్లబడ్డ ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"చిన్న పొరపాటు జరిగింది మావయ్యా" అన్నాను.

ఆయన దాన్ని వెలుగుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, గోటితో మసి గీకాడు. "ఎంత సిన్నది?" అన్నాడు.

"పాతవే వేయించాను. మిస్త్రీ వద్దన్నాడు. నేనే వేయించాను. మీరడిగితే కొత్తవన్నాను."

అత్త చేపల కత్తిపీట పక్కకి తోసింది. "ఏటి బాబూ! రాగిముక్క కాడ కక్కుర్తి పడి, ఈయన్ని ఇన్నాళ్ళు మూగోణ్ణి సేసినావా? రేడియో లేదు, పాట లేదు, నాతో తగువు కూడా లేదు!" మా ఆవిడ చేతిలో చేప వదిలేసి తలెత్తింది. నా వైపు ఒక చూపు చూసింది. దాని బరువు నేను ఇప్పటికీ తూకం వేయలేదు.

మావయ్య చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. ఉంగరం పిడికిట్లో ఉంది. "నువ్వుండెహె. అల్లుడూ, ఇంతకీ ఏ నంబరు?"

"రెండే మావయ్యా."

"కొత్త నాజిలు ఏసినాక కూడా?"

"అప్పుడు కూడా రెండే. దొంగ మారాడు గానీ నంబరు మారలేదు."

"మళ్ళీ సెప్పు. ఇనపళ్ళేదు."

"రెండే!" అని అరిచాను. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు.

"ఇంకోసారి సెప్పు."

నిజంగా వినపడలేదో, వినాలనిపించిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాను. ఆయన కళ్ళు తడిశాయి. నన్ను తిడతాడని కాచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి బరువుగా లేచి, "తప్పు నాది కూడా ఉంది. మగ్గుడు నీళ్ళు పోస్తే తేలిపోయీది. అల్లుడు సిన్నబోతాడని పోయలేదు" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. కుర్చీ లాగిన చప్పుడైంది, సూట్‌కేసు ఏదో కింద పడింది, అత్త "నడుం ఇరగ్గొట్టుకుంటావు" అని అరుస్తూ వెనకాల పరిగెత్తింది. బయటికొచ్చి బానెట్ ఎత్తమని సైగ చేశాడు. కర్ర పెట్టి నాలుగూ విన్నాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

డ్రైవర్లకి నేనే వెళ్ళి చెప్పాను, స్టేషను బయట టాక్సీలు ఆగే చోటికి, మంచి చొక్కా వేసుకుని. నా అబద్ధం సంగతి కూడా చెప్పాను. వాళ్ళు ఏడాది పాటు నన్ను చూసినప్పుడల్లా "సేఠ్, వాషర్ కావాలా?" అని అడిగేవారు. పడ్డాను. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. చర్చిలో ఆయన గొంతు మళ్ళీ పాటకి అటూ ఇటూ పోయింది. మూడేళ్ళు కాబోలు అలా నడిచింది. తర్వాత తర్వాత కర్ర మీద కన్నా గొట్టాల మీద పెట్టిన వేళ్ళకే ఎక్కువ పని పడింది. ఒక ఆదివారం ఎవరూ తప్పు పట్టకుండానే, ఏ నంబరూ తప్పకుండానే, ఆయనే పానా తుడిచి పెట్టేసి, "ఇంక సాలు. మిస్త్రీ దాదా కాడికెల్లండి, మంచోడు" అని అందరికీ టీ ఇప్పించాడు. ఆ రోజు అత్త ఏడ్చింది గానీ ఆయన ఏడవలేదు. తనంతట తాను ఆపడానికీ, ఇంకొకడి అబద్ధం వల్ల ఆగిపోవడానికీ ఎంత తేడా ఉందో నాకు ఆయన ముఖం చూశాకే తెలిసింది.

ఇక ఆఖరి బిల్లు. లెక్కల్లో నేను ఎవరికీ తీసిపోను కనక నిజాయితీగానే చెబుతాను. కారుకి పెట్టిన డబ్బు, ఇంజెక్టర్లకి పెట్టింది, రెండోసారి విప్పి బిగించిన కూలి, అన్నీ ఆ కారు అమ్మినప్పుడు వెనక్కి వచ్చేశాయి. కొన్నవాడితో కూడా బాగానే బేరమాడాను, అయితే ఈసారి ఇంజను చల్లారాక పిలిచాను. రానివి అయిదు ఆదివారాలు. ఆ చెవికి మిగిలిన ఆదివారాలు ఎన్నో అప్పట్లో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. వాటిలో అయిదింటిని నేను ఖర్చు పెట్టేశాను. నావి కాదు కదా, అందుకే అప్పుడు చవగ్గా అనిపించాయి.